కూర ఉడికిన నీళ్ళు

కరోనా తగ్గి ఆసుపత్రులు మళ్ళీ మామూలు దారిలో పడ్డ ఏడాది, వానలు మొదలైన రోజుల్లో, నాకు వార్డు పనికి తోడు ఊళ్ళ పని కూడా అప్పగించారు. అప్పటికి నేను భీమవరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సీనియర్ డైటీషియన్ని. రిటైర్మెంటుకి ఇంకా మూడేళ్ళుంది. డైటీషియన్ అంటే ఆసుపత్రి వంటావిడ అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు కాబట్టి రెండు మాటల్లో చెబుతాను. డాక్టరు గారు మందు రాస్తారు, మేము భోజనం రాస్తాం. ఏ జబ్బుకి ఏది ఎంత తినాలి, ఎలా వండాలి, ఏది మానాలి అన్నది ఒక కాగితం మీద రాసి, రోగినీ ఇంట్లో వండే మనిషినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పడం మా ఉద్యోగం. ఆ కాగితాన్ని డైట్ చార్ట్ అంటాం. కింద మా సంతకం ఉంటుంది.

ఊళ్ళ పని ఏమిటంటే, గురువారం గురువారం ఒక ఊరికి వెళ్ళి, డ్వాక్రా సంఘాల ఆడవాళ్ళతో మాట్లాడాలి. ఇంట్లో రోజూ తినే భోజనంలో కూరగాయలూ పళ్ళూ ఎలా పెంచుకోవాలో చెప్పాలి. నాకు ఇంతకంటే ఇష్టమైన పని లేదు. మా డెల్టా కంచం సంగతి నాకు బాగా తెలుసు. పాలకొల్లులో పుట్టి అదే కంచంలో తిని పెరిగినదాన్ని. నిండా అన్నం, ఓ మూల వేలెడంత కూర, మీద ఆవకాయ, చివర గడ్డపెరుగు. చుట్టూ ఎక్కడ చూసినా పచ్చగానే ఉంటుంది గానీ ఆ పచ్చదనం కంచందాకా రాదు. ఈ మాట అనగానే ఆడవాళ్ళు నవ్వేవారు. వాళ్ళు నవ్వారంటే ఇక నా మాట వింటారని నాకు ధైర్యం.

నా ఉపన్యాసంలో నాకు బాగా నచ్చిన భాగం నీళ్ళ గురించి. మా వైపు చాలా ఇళ్ళలో అరటికాయ, కంద, తోటకూర లాంటివి ముందు ఉడకబెట్టి, ఆ నీళ్ళు వార్చి పారబోసి, తర్వాత పోపులో వేస్తారు. సారమంతా సింకు పాలవుతుంది. అందుకని నేను అక్కడే చిన్న స్టవ్ వెలిగించి, తోటకూర ఉడికించిన నీళ్ళతో చారు పెట్టి తలా ఒక గుక్క ఇచ్చేదాన్ని. ఉదయం ఒక చక్రకేళి పండు, వీలైనప్పుడల్లా ఒక కొబ్బరిబొండం, పప్పులో ఏదో ఒక ఆకుకూర, కూర ఉడికిన నీళ్ళు మాత్రం పారబోయొద్దు. ఇదీ నా పాఠం. ఆరోగ్యవంతులకి ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఇప్పటికీ లేదు.

మూడో గురువారం పెనుగొండ దగ్గర ఒక ఊళ్ళో మీటింగు. చారు రుచి చూసి అందరూ బాగుందంటున్నప్పుడు, వెనక వరసలో నలభై ఏళ్ళావిడ ఒకరు లేచి నిలబడ్డారు. చేతిలో చిన్నపిల్లల నోటుపుస్తకం, పెన్ను.

“ఇంట్లో అందరికీ ఇదేనా అండి?” అని అడిగింది.

“అందరికీ ఇదేనమ్మా. పసిపిల్లల దగ్గర్నుంచి ముసలాళ్ళ దాకా. మనిషికో వంట చేస్తూ కూర్చుంటే నువ్వు వంటింట్లోంచి బయటికొచ్చేదెప్పుడు?” అన్నాను.

అందరూ గొల్లుమన్నారు. ఆవిడ కూడా నవ్వి, తల ఊపి, పుస్తకంలో ఏదో రాసుకుని కూర్చుంది. ఆ ముఖం ఎక్కడో చూసినట్టు అనిపించింది. రోజుకి ముప్ఫై మందిని చూసే ఉద్యోగంలో అందరూ ఎక్కడో చూసినట్టే ఉంటారు. ఆ సంగతి అంతటితో వదిలేశాను.

తర్వాత మూడు వారాలు గడిచాయి. ఒక సోమవారం ఉదయం పది గంటలకి ఎమర్జెన్సీ నుంచి నాకు ఫోన్ వచ్చింది. కిడ్నీ పేషెంటు, పొటాషియం ఏడు దాటింది, వెంటనే డైట్ హిస్టరీ కావాలన్నారు. పొటాషియం మనం తినే కూరల్లోనూ పళ్ళలోనూ ఉండే లవణం. మంచిదే. ఎక్కువైతే కిడ్నీలు బయటికి పంపేస్తాయి. కిడ్నీలు చెడ్డవాళ్ళకి అది ఒంట్లోనే పేరుకుంటుంది. ఐదు దాటితే మేము జాగ్రత్త పడతాం. ఆరున్నర దాటితే గుండె ఏ క్షణాన్నైనా ఆగిపోవచ్చు. నొప్పి ఉండదు, కేక ఉండదు. మాట్లాడుతూ మాట్లాడుతూ పోయిన మనుషుల్ని నేను చూశాను. అందుకే కిడ్నీ రోగులకి మేము ఇచ్చే మొదటి నియమం, కూరగాయల్ని చిన్న ముక్కలు చేసి, బోలెడు నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు మొత్తం వార్చి పారబోసి, తర్వాతే వండమని. పొటాషియం నీళ్ళతో పాటు పోతుంది.

డైట్ హిస్టరీ అంటే రోగి గత కొన్ని రోజులుగా ఏం తిన్నాడు, ఎంత తిన్నాడు, ఎవరు చెబితే తిన్నాడు అని రాసే ఫారం. అది పట్టుకుని ఐసీయూకి వెళ్ళాను. రోగి పేరు సూర్యనారాయణ. భీమవరంలో ఒక ఐస్ ఫ్యాక్టరీలో మెషిన్ ఆపరేటరు, వయసు నలభై ఎనిమిది. కిడ్నీ జబ్బు నాలుగో దశ, అంటే డయాలసిస్‌కి ఒక మెట్టు ముందు. పొద్దున్న మంచం మీంచి లేవబోతే కాళ్ళు లేవలేదట. మానిటరు మీద ఆయన గుండె గీత చూశాను. గీతలో గుడారాల్లా మొనదేలి పైకి లేచిన భాగాలు కనిపించాయి. పొటాషియం గుండెని పట్టేసిందని తెలియడానికి డాక్టరు అవక్కర్లేదు. నర్సు కాల్షియం ఇంజక్షను నెమ్మదిగా ఎక్కిస్తోంది. అది పొటాషియాన్ని తగ్గించదు, గుండెని కాసేపు కాపు కాస్తుంది, అంతే.

పాత ఫైలు తెరిచాను. అందులో కిందటేడు రాసిన డైట్ చార్ట్ ఉంది. నీళ్ళు వార్చేయమనే నియమం కింద నేనే ఎర్ర పెన్నుతో రెండు గీతలు గీశాను. సంతకం నాది.

బయట కుర్చీలో ఆయన భార్య కూర్చుని ఉంది. పేరు సత్యవతి. నన్ను చూడగానే లేచి నిలబడి, “వచ్చారా మేడం గారూ,” అంది. సొంత మనిషి వచ్చినట్టు ఆవిడ ముఖంలో ఒక్కసారి ధైర్యం కనిపించింది. ఆవిడ చేతిలో ఆ నోటుపుస్తకం ఉంది. మీటింగులో వెనక వరసలో లేచి నిలబడ్డ మనిషి ఈవిడే.

నేను అడగడం, ఆవిడ పుస్తకం చూసి చెప్పడం. పొద్దున్న చక్రకేళి పండు, పది గంటలకి బొండం నీళ్ళు. మధ్యాహ్నం తోటకూర పప్పు, అరటికాయ కూర, ఆ ఉడికించిన నీళ్ళతో చారు, రెండు గ్లాసులు. రాత్రికి కంద. ఒక్కరోజు కూడా తప్పలేదు.

“ఎప్పట్నించమ్మా ఇలాగ?”

“మీరు మా ఊరొచ్చి చెప్పిన దగ్గర్నించేనండి. నేను లేచి అడిగాను కూడానండి, అందరికీ ఇదేనా అని.”

“మరి కిందటేడు నేనిచ్చిన కాగితం?”

“ఫ్రిజ్ మీద అంటించానండి. ఉంది. కానీ అది పాతది కదండీ. మందులు మారుస్తారు కదండీ డాక్టరు గారు, కొత్త చీటీ ఇస్తే పాత చీటీ మానేస్తాం కదా. మీరే కదా అదిచ్చింది, మీరే కదా ఇది చెప్పింది. పథ్యం కూడా మార్చారేమో అనుకున్నానండి.”

ఆవిడ చెప్పినదాంట్లో ఒక్క ముక్క తప్పు లేదు. కొత్త చీటీ వస్తే పాత చీటీ చెల్లదని ప్రతి రోగికీ మేమే నేర్పాం. ఆవిడ నన్ను గుర్తుపట్టింది, నేను ఆవిడని గుర్తుపట్టలేదు. తేడా అంతే.

ఇప్పుడు చెప్పబోయేది నాకు గౌరవం తెచ్చే సంగతి కాదు. డైట్ హిస్టరీ ఫారం చివర ‘కారణం’ అని ఒక గడి ఉంటుంది. అందులో మేము మామూలుగా రాసే మాటలు రెండే రెండు: పథ్యం పాటించలేదు. ఎన్ని వందలసార్లు రాశానో లెక్కలేదు. ఆ రోజు గడి దగ్గరికొచ్చేసరికి పెన్ను ఆగింది. ఆ మనిషి పోతే? అదే ఆలోచన. ఆయన పోతే విచారణ జరుగుతుంది, ఫైలు తెరుస్తారు, ముప్ఫై ఏళ్ళ సర్వీసు, మూడేళ్ళలో రిటైర్మెంటు. నేను ఇంత పిరికిదాన్నని అప్పటిదాకా నాకు తెలియదు. అవే రెండు మాటలు రాసి, సంతకం పెట్టి, ఫారం డాక్టరు గారి టేబుల్ మీద పెట్టేశాను.

మా కిడ్నీ డాక్టరు గారు నాకంటే పదిహేనేళ్ళు చిన్న. మంచివాడే గానీ కోపం ముక్కు మీద ఉంటుంది. ఫారం చదివి బయటికొచ్చి, చుట్టాలందరి ముందూ సత్యవతిని పట్టుకుని దులిపేశారు. కాగితం ఇచ్చి, ఎర్రగీతలు గీసి మరీ చెబితే, ఇంట్లో మనిషికి బొండాలూ అరటిపళ్ళూ పెడతారా, చంపుకుందామనుకున్నారా అన్నారు. సూర్యనారాయణ గారి అక్కగారు అప్పుడే చేరుకున్నారు. మా వైపు జబ్బు మనిషిని చూడడానికి ఎవరూ వట్టి చేతులతో రారు. ఆవిడ కూడా గెలలోంచి కోసిన నాలుగు బొండాలు తాడుకట్టి తెచ్చారు. ఆ మాటలు విని, బొండాలు నేలమీద పెట్టేసి, “నా తమ్ముణ్ణి ఏం చేశావే!” అని మరదలి మీదికి వెళ్ళారు.

సత్యవతి నావైపు ఒక్కసారి చూసింది. నేను అక్కడే, స్తంభం పక్కన ఉన్నాను. ఈవిడే చెప్పిందని ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేదు.

“తప్పు నాదేనండి. నాకు అర్థం కాలేదు,” అంది.

ఆ మాట విన్నాక నేను నిలబడలేకపోయాను. నా గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. సిగ్గు ఒకవైపు, భయం ఒకవైపు. అప్పుడే రెండో భయం వచ్చి మీద పడింది. నేను వెళ్ళింది ఆ ఒక్క ఊరికే కాదు. ఆరు ఊళ్ళు తిరిగాను. ప్రతి ఊళ్ళోనూ నలభై, యాభై మంది. అందరికీ ఇదే చారు పోశాను, అందరికీ ఇదే అన్నాను. ఆ ఇళ్ళలో ఇంకెంతమంది కిడ్నీ రోగుల ఫైళ్ళ మీద నా సంతకం ఉందో!

లేచి ఐసీయూకి వెళ్ళాను. అప్పటికి సూర్యనారాయణ గారిని డయాలసిస్‌కి తీసుకెళ్ళారు. ఫారం అడిగి తీసుకున్నాను. కేస్ షీట్‌లో తప్పు దిద్దడానికి ఒక పద్ధతుంది. చెరపకూడదు, తెల్లరంగు పూయకూడదు. పాతది కనబడేట్టే ఒక గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకమూ సమయమూ వెయ్యాలి. ఆ రెండు మాటల మీద ఒక గీత కొట్టాను. పక్కన ఇలా రాశాను: ‘పథ్యం పాటించారు. ఊరి సమావేశంలో సామాన్య కుటుంబాలకి చెప్పిన సలహాని డైటీషియన్ రోగి కుటుంబానికి కూడా వర్తింపజేశారు. ఇంట్లో రోగులున్నారా అని అడగలేదు.’ సంతకం పెట్టి, డాక్టరు గారి చేతికిచ్చాను.

ఆయన రెండుసార్లు చదివారు. తిడతారనుకున్నాను. తిట్టలేదు. “మిగతా ఇళ్ళ సంగతేంటండి?” అన్నారు. నా భయమే ఆయన నోట్లోంచి వచ్చింది.

డ్వాక్రా మీటింగులకి హాజరు పుస్తకం ఉంటుంది, పేరు, ఫోన్ నంబరుతో సహా. నేనూ ఇంకో ఇద్దరు నర్సులూ కూర్చుని ఆరు ఊళ్ళ నంబర్లూ పంచుకున్నాం. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇంట్లో కిడ్నీ జబ్బున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఎత్తని ఫోన్ మోగుతున్నంతసేపూ నా ప్రాణాలు అరచేతిలో ఉండేవి. నాలుగో ఊళ్ళో ఒకావిడ, “ఉన్నారండీ,” అంది. “మా అత్తగారికి కిడ్నీలు బాలేవండి, మీ దగ్గరే చూపిస్తున్నామండి.” ఆకుకూరల చారు పెడుతున్నావా అమ్మా అని ఎలాగో అడిగాను.

“పెట్టానండి, ఆవిడ ముట్టుకోరండి. గడ్డీగాదం నాకు పెడతావా అని తిట్టి కంచం తోసేశారండి. ఆవిడకి ముద్దపప్పు, నెయ్యి ఉంటే చాలండి.”

నా సర్వీసులో ఒక మనిషి కూరలు తిననందుకు దేవుడికి దణ్ణం పెట్టింది ఆ ఒక్కసారే.

సాయంత్రం నాలుగింటికి డయాలసిస్ పూర్తయింది. పొటాషియం ఐదు దగ్గరికి దిగింది. మానిటరు మీద గీత మామూలైంది. సూర్యనారాయణ గారు కళ్ళు తెరిచి, ఫ్యాక్టరీలో కంప్రెసరు ఎవరు చూస్తున్నారని అడిగారట. డాక్టరు గారు బయటికొచ్చి, పొద్దున్న ఎవరి ముందు తిట్టారో వాళ్ళ ముందే సత్యవతికి క్షమాపణ చెప్పారు. నేనూ చెప్పాను, నీ తప్పు కాదమ్మా, నాది అని. సూర్యనారాయణ గారి అక్కగారు నన్ను ఒక చూపు చూశారు. సత్యవతి అడిగిన ప్రశ్న మాత్రం నేను ఎదురుచూసింది కాదు.

“మరి పిల్లలకి పెట్టొచ్చా అండి, వద్దా?”

పెట్టొచ్చమ్మా, పెట్టాలి అన్నాను. ఆవిడ తల ఊపలేదు.

డిశ్చార్జి అయిన పది రోజులకి ఆ ఊరు వెళ్ళాను. అది నా డ్యూటీ కాదు. సత్యవతి వంటింట్లో కూరగాయన్నదే లేదు. ఇంటర్ చదివే కూతురు, తొమ్మిదో తరగతి కొడుకు, అందరూ ఆవకాయ అన్నం, పెరుగన్నం తింటున్నారు. ఫ్రిజ్ మీద నా కాగితం చింపేసిన చోట జిగురు మరక మిగిలింది. ఆవిడ ఒక్కతే కాదు, వీధి మొత్తం అలాగే ఉంది. కూరలు తింటే ఐసీయూలో పెడతారట అని మాట పాకిపోయింది. నేను చెప్పాక మూడు వారాల పాటు కంచం దాకా వచ్చిన పచ్చదనం ఒక్క పూటలో పెరట్లోకి వెళ్ళిపోయింది. వాళ్ళని నేనేమని అనగలను? భయపడడం వాళ్ళ హక్కు.

ఆ రోజు ఉపన్యాసం ఇవ్వలేదు. ఆనపకాయ ఒకటి కొనుక్కెళ్ళాను. సత్యవతి పక్కన నిలబడి, ముక్కలు కోసి, రెండు గిన్నెల్లో పెట్టించాను. ఒకటి ఆయనది. ముక్కలు చిన్నవి, నీళ్ళు ఎక్కువ, ఉడికాక మొత్తం వార్చేయాలి. రెండోది ఇంట్లోవాళ్ళది. నీళ్ళు తక్కువ, ఒక చుక్క పారబోయకూడదు. ఆయన గిన్నెకి ఎర్రదారం కట్టమన్నాను. ఆయనకి అరటిపండు బదులు చిన్న ఆపిల్ ముక్క, బొండం అసలు వద్దు, ఆకుకూర కావాలంటే డాక్టరుని అడిగాకే. ఆవిడ ఎర్రదారం గిన్నెలో నీళ్ళు సింకులో వంపేటప్పుడు మూత జారకుండా రెండు చేతులతో పట్టుకుంది. నీళ్ళు చివరి చుక్క దాకా కారేవరకూ ఊపిరి బిగబట్టే ఉంది. నేనూ అంతే.

అయ్యాక నోటుపుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది.

“ఇందాక చెప్పిందంతా మీ చేత్తో రాయండి మేడం గారూ. ఏది ఆయనకో, ఏది పిల్లలకో విడివిడిగా రాయండి. తేదీ వేసి సంతకం పెట్టండి. మళ్ళీ ఎప్పుడైనా మారిస్తే, ఇది కొట్టేసి మార్చండి.”

ఆ గొంతులో కోపం లేదు. నా మాట మీద అంతకుముందున్న నమ్మకం కూడా లేదు. రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాను.

తర్వాత మూడేళ్ళూ ఊళ్ళు తిరిగాను. మీటింగులో మొదటి పావుగంట కూరల పేరెత్తేదాన్ని కాదు. ఇంట్లో ఎవరికి ఏ జబ్బుంది, ఎవరు ఏ మందు వాడుతున్నారు అని ఒక్కొక్కరినీ అడిగి రాసుకున్నాకే స్టవ్ వెలిగించేదాన్ని. కిడ్నీ రోగుల చార్ట్ మీద ‘ఇది మారిస్తే రాసే మారుస్తాం, నోటిమాట నమ్మకండి’ అని పైన అచ్చు వేయించాం. ‘పథ్యం పాటించలేదు’ అని రాసే ముందు, ఆ పథ్యం ఎవరు చెప్పారని అడగడం మా విభాగంలో నియమం చేశాను. సూర్యనారాయణ గారు ఇప్పటికీ డ్యూటీకి వెళుతున్నారు. సత్యవతి పిల్లలు కూర తింటున్నారు. వీధిలో సగం ఇళ్ళే తిరిగి దారికొచ్చాయి. మిగతా సగం రాలేదు.

చెప్పింది చెవిన వేసుకోని వాళ్ళ మీద ముప్ఫై ఏళ్ళు విసుక్కున్నాను. పొల్లుపోకుండా చేసేవాళ్ళని చూసి భయపడాలని నాకు ఆ సోమవారం తెలిసింది.